మ్యూచువల్ విడాకులా, కోర్టులో పోరాటమా: మీ పరిస్థితికి ఏది సరిపోతుంది?

విడాకుల కోసం లాయరు దగ్గరికి వెళ్లినవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది ఒకటే: "ఏ కారణం చూపిస్తే త్వరగా వస్తాయండీ?" ఆ తర్వాత పెళ్లయిన మూడోరోజు నుంచి జరిగినవన్నీ చెప్పుకొస్తారు. ఆ బాధ నిజమే కావచ్చు. కానీ ఏ దారిలో వెళ్లాలన్నది తేల్చేది బాధ కాదు. ఎదుటివాళ్లు సంతకం పెడతారా? పెడితే డబ్బు, బంగారం, పిల్లల విషయంలో ఏ షరతుల మీద పెడతారు? ముందు తేల్చుకోవాల్సింది ఇది. దీనికి జవాబు దొరికితే మిగతా సగం నిర్ణయాలు వాటంతట అవే జరిగిపోతాయి.

ఇక్కడ రాసేది ఎక్కువగా 1955 నాటి హిందూ వివాహ చట్టం గురించి. హిందువులతో పాటు బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా దీని కిందికే వస్తారు. రిజిస్టర్ మ్యారేజ్ చేసుకున్నామని చెప్పేవాళ్లు ఒకటి చూసుకోవాలి. గుళ్లోనో, ఫంక్షన్ హాల్లోనో పెళ్లి చేసుకుని తర్వాత రిజిస్టర్ చేయించుకున్నారా, లేక 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి పెళ్లి చేసుకున్నారా? రెండోదైతే చట్టం వేరు. పద్ధతి మాత్రం చాలావరకు ఇలాగే ఉంటుంది.

పెళ్లై ఏడాది కూడా కాలేదా? అయితే విడాకుల పిటిషన్ వేయడానికి మామూలుగా వీల్లేదు. భరించలేని కష్టమో, ఎదుటివాళ్ల ప్రవర్తన మరీ దారుణమో అయితే కోర్టు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వొచ్చు గానీ అది అరుదు. ఈ దశలో ఉన్నవాళ్లు ఇంకో సంగతి ఆలోచించాలి. మోసం చేసో, బలవంతంగానో ఒప్పించి పెళ్లి చేశారా? లైంగిక అసమర్థత వల్ల కాపురమే జరగలేదా? అలాంటప్పుడు విడాకులు కాకుండా పెళ్లినే రద్దు చేయమని సెక్షన్ 12 కింద అడగొచ్చు. దానికి ఏడాది ఆగాల్సిన పనిలేదు. మోసం కారణంగా అడిగేవాళ్లు మాత్రం అది బయటపడిన ఏడాదిలోపే వేయాలి. పైగా, నిజం తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా కలిసి కాపురం చేస్తే ఆ అవకాశం పోతుంది. "ఇంకొన్నాళ్లు చూద్దాం" అని పెద్దలు సర్దిచెబుతూ కాలయాపన చేయడంతో ఈ దారి మూసుకుపోయిన కేసులు ఉంటాయి.

ఇద్దరూ ఒప్పుకుంటే

చట్టంలో దీని పేరు పరస్పర అంగీకార విడాకులు. సెక్షన్ 13బి. కోర్టు వరండాలో అందరూ 'మ్యూచువల్' అనే అంటారు. 1955 చట్టంలో మొదట ఇది లేదు, 1976లో చేర్చారు. కావాల్సినవి మూడు. ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ కాలంగా విడిగా ఉండాలి, కలిసి బతకలేని పరిస్థితి ఉండాలి, విడిపోవడానికి ఇద్దరూ ఒప్పుకోవాలి. విడిగా ఉండటమంటే వేర్వేరు ఇళ్లలోనే ఉండాలని కాదు. ఒకే కప్పు కింద ఉంటూ భార్యాభర్తల్లా మెలగకపోయినా అది విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అద్దెలు భరించలేక ఒకే ఫ్లాట్‌లో రెండు గదుల్లో బతుకుతున్నవాళ్లకు ఇది పనికొచ్చే మాట.

ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేస్తారు. ఇది మొదటి మోషన్. జడ్జి ఇద్దరినీ అడుగుతారు, వాంగ్మూలం రాసుకుంటారు. తర్వాత ఆరు నెలలు ఆగాలి. ఆరు నెలలు నిండాక, పిటిషన్ వేసిన రోజు నుంచి 18 నెలలు దాటకుండా, ఇద్దరూ మళ్లీ రావాలి. ఇది రెండో మోషన్. అప్పటికీ మాట మీదే ఉంటే డిక్రీ, అంటే విడాకులు ఇచ్చినట్టు కోర్టు తుది ఉత్తర్వు, ఇస్తారు.

ఈ ఆరు నెలలు తప్పనిసరేం కాదని, తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయితే అడిగిన ప్రతివాళ్లకూ ఇచ్చేది కాదు. మొదటి మోషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి. రాజీ ప్రయత్నాలు ఫలించి ఉండకూడదు. భరణం, పిల్లల కస్టడీ లాంటివన్నీ నిజంగానే తేలిపోయి ఉండాలి. ఇంకా ఆగితే బాధ పొడిగించడం తప్ప ఏమీ లేదని కోర్టుకు అనిపించాలి. ఇవన్నీ ఉంటే మొదటి మోషన్ తర్వాత వారానికే మాఫీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. "నెలలో విడాకులు ఇప్పిస్తాం" అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మాఫీ ఇవ్వాలా వద్దా అనేది జడ్జి చేతిలో ఉంటుంది, లాయరు చేతిలో కాదు.

మ్యూచువల్‌లో అసలు ప్రమాదం వేరే ఉంది. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా ఒప్పుకోలును వెనక్కి తీసుకోవచ్చు. మొదటి మోషన్‌లో సంతకం పెట్టి, డబ్బు తీసుకుని, రెండో మోషన్‌కి రాకపోయినవాళ్లున్నారు. సంతకం పెట్టించుకుని, పెట్టిన కేసులన్నీ ఉపసంహరింపజేసి, తీరా డబ్బు దగ్గర మొహం చాటేసినవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ దారిలో అసలు పని కోర్టులో కాదు, ఒప్పంద పత్రం రాసేచోట జరుగుతుంది. "ఇద్దరం అన్ని విషయాలూ మాట్లాడుకున్నాం, ఇకపై ఒకరిపై ఒకరికి ఎలాంటి హక్కులూ లేవు" అని రెండు లైన్లు రాసి సంతకాలు పెట్టే పత్రం దేనికీ కొరగాదు.

మరి ఎలా ఉండాలి? మొత్తం 20 లక్షలకు ఒప్పుకున్నారనుకుందాం. మొదటి మోషన్ రోజున 5 లక్షలు డీడీ రూపంలో, డీడీ నంబరుతో సహా పిటిషన్‌లో రాయాలి. కేసులు రద్దు చేయించుకునే దశలో 5 లక్షలు. మిగతా 10 లక్షలు రెండో మోషన్ రోజున జడ్జి ఎదుటే చేతికివ్వాలి. బంగారం అయితే "నగలన్నీ తిరిగి ఇచ్చేశారు" అని కాకుండా, నాలుగు పేటల గొలుసు, వడ్డాణం, గాజులు ఎన్ని, ఏది ఎంత బరువు అని జాబితా రాసి, ఏ రోజున ఎవరి సమక్షంలో అప్పగించారో కూడా పెట్టాలి. పిల్లలు ఏ వారాంతాల్లో ఎవరి దగ్గర, వేసవి సెలవుల్లో ఎన్ని రోజులు, పండక్కి ఎవరింట్లో, స్కూలు ఫీజు ఎవరు, పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఎవరు సంతకం పెట్టాలి, ఇవన్నీ రాయాలి. చిల్లర విషయాల్లా కనిపిస్తాయి గానీ డిక్రీ వచ్చాక గొడవలన్నీ వీటి దగ్గరే మొదలవుతాయి.

గృహహింస, వరకట్న కేసులు నడుస్తుంటే వాటి సంగతీ ఇందులోనే తేలాలి. పాత ఐపీసీ 498ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85. ఇలాంటి క్రిమినల్ కేసు ఇద్దరూ రాజీపడ్డామని చెప్పుకున్నంత మాత్రాన పోదు. సాధారణంగా హైకోర్టులో క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమని అడిగే పిటిషన్, వేయించుకోవాలి. దానికి ఫిర్యాదు చేసినవాళ్ల సహకారం కావాలి. ఎప్పటిలోగా ఆ అఫిడవిట్ ఇస్తారో, ఏ వాయిదా డబ్బుతో దానికి ముడి ఉందో ఒప్పందంలోనే ఉండాలి.

ఎదుటివాళ్లు ఒప్పుకోకపోతే

అప్పుడు మిగిలేది సెక్షన్ 13. ఒకరు పిటిషన్ వేస్తారు, రెండోవాళ్లు ఎదుర్కొంటారు. ఇందులో కారణం చూపించాలి, రుజువు చేయాలి. వ్యభిచారం, క్రూరత్వం, రెండేళ్లకు తగ్గకుండా వదిలేసి వెళ్లిపోవడం, మతం మారడం, తీవ్రమైన మానసిక వ్యాధి, అంటుకునే సుఖవ్యాధి, సన్యాసం, ఏడేళ్లుగా బతికున్న జాడ లేకపోవడం, ఇవే కారణాలు. కుష్ఠును 2019లో ఈ జాబితా నుంచి తీసేశారు. భార్యకు మాత్రమే వర్తించే కారణాలు ఇంకొన్ని ఉన్నాయి.

ఆచరణలో ఎక్కువ కేసులు క్రూరత్వం, వదిలేయడం చుట్టూనే తిరుగుతాయి. వ్యభిచారం 2018 నుంచి నేరం కాదు గానీ విడాకులకు కారణంగా మాత్రం అలాగే ఉంది. కాకపోతే రుజువు చేయడం కష్టం, చేయబోయి పరువు పోగొట్టుకోవడం తేలిక. క్రూరత్వమంటే కొట్టడమే కాదు, మానసిక క్రూరత్వం కూడా వస్తుంది. దానికి ఇది, ఇది అని గీత గీసి చెప్పలేమని, ఉదాహరణలు మాత్రం ఇస్తామని సుప్రీంకోర్టు 2007లో అంది. చిన్న చిన్న కీచులాటలు, ప్రతి ఇంట్లో ఉండే అలకలు క్రూరత్వం కిందికి రావు.

చాలామంది ఊహించేది, "మాకు అస్సలు పడటం లేదు, పదేళ్లుగా విడిగా ఉన్నాం, ఇది చాలదా?" అని. హిందూ వివాహ చట్టంలో 'కోలుకోలేనంతగా తెగిపోయిన పెళ్లి' అనే కారణం ఇప్పటికీ లేదు. దాన్ని చేర్చమని సుప్రీంకోర్టు 2006లోనే కేంద్రాన్ని కోరింది. 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం, 142వ అధికరణ కింద సుప్రీంకోర్టు మాత్రం అలాంటి పెళ్లిని రద్దు చేయగలదు. అది దాని విచక్షణాధికారం. దానికోసం నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టడానికి లేదు. ఫ్యామిలీ కోర్టుకి, హైకోర్టుకి ఆ అధికారం లేదు. వాట్సాప్‌లో తిరిగే "ఇక పడకపోతే చాలు, విడాకులు" అనే మెసేజ్ నమ్మి పిటిషన్ రాయించుకోకండి.

కోర్టులో జరిగేది ఇలా ఉంటుంది. పిటిషన్ వేస్తారు. మన దగ్గర దీన్ని ఓపీ అంటారు. ఎదుటివాళ్లకు సమన్లు వెళతాయి. సగం కాలం ఇక్కడే పోతుంది. ఇంట్లో లేరని, చిరునామా మారిందని, తీసుకోలేదని కాగితం తిరిగొస్తూ ఉంటుంది. వాళ్లు వచ్చాక కౌన్సెలింగ్‌కో, మీడియేషన్‌కో పంపుతారు. రాజీకి ప్రయత్నించడం ఫ్యామిలీ కోర్టుకి చట్టం అప్పజెప్పిన బాధ్యత. కుదరకపోతే వాళ్లు కౌంటర్, అంటే మీ పిటిషన్‌కి రాతపూర్వక జవాబు, వేస్తారు. తర్వాత మీ సాక్ష్యం, ఆపై క్రాస్ ఎగ్జామినేషన్.

క్రాస్ గురించి రెండు మాటలు చెప్పాలి. "ఆయన నన్ను రోజూ తిట్టేవాడు" అని రాసుకుని వెళ్లినావిడను అవతలి లాయరు అడిగేది ఇలా ఉంటుంది: ఏ తేదీన? ఎవరి ముందు? ఆ రోజు మీ అమ్మగారికి ఫోన్ చేశారా? చేస్తే ఆ వారంలోనే ఇద్దరూ కలిసి తిరుపతి వెళ్లి దిగిన ఫొటో ఇది మీదేనా? చెప్పేది నిజమే అయినా తేదీలు గుర్తులేక, ఫొటోలు చూసి తడబడి కేసు పలచబడిపోతుంది. అందుకే కాంటెస్ట్ చేయక (ఒప్పందం లేకుండా కోర్టులో పోరాడక) తప్పదనుకుంటే ఇప్పుడే ఒక నోట్‌బుక్‌లో తేదీలవారీగా రాసుకోండి. మెసేజ్‌లు, ఆస్పత్రి కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోండి. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన మాటలు కూడా ఇలాంటి కేసుల్లో సాక్ష్యంగా చెల్లుతాయని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది.

నోటీసు అందినప్పటి నుంచి ఆరు నెలల్లో విచారణ ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. వాస్తవంలో ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత హైకోర్టు అప్పీలు. కాంటెస్ట్ చేసిన కేసుల్లోనూ చాలావరకు రెండు మూడేళ్ల వాయిదాల తర్వాత మీడియేషన్‌లో ఒప్పందానికి వచ్చి మ్యూచువల్‌గా మారిపోతుంటాయి. అప్పుడు సంతకం పెట్టే షరతులు మొదటిరోజు వద్దన్నవాటికి పెద్ద తేడా లేకుండా ఉంటాయి. తేడా ఉంటే అది లాయర్ల ఫీజు. ఇలా జరిగే కేసులు చూసీ చూసీ నాకు ఏర్పడిన అభిప్రాయం: డబ్బు విషయంలో ఎంత కోపం ఉన్నా, తుది నోటీసు పంపే ముందు ఒక్కసారైనా మధ్యవర్తి ముందు కూర్చోవడం మంచిది.

ఎవరికి ఏది?

ఇద్దరికీ విడిపోవాలని ఉండి, ఎంత ఇవ్వాలన్న దగ్గరే చిక్కుంటే మ్యూచువల్ తప్ప వేరే ఆలోచన వద్దు. బేరం కుదరక కేసు వేయడం కన్నా ఇంకో రెండు సిట్టింగులు కూర్చోవడం మేలు. పిల్లలుంటే ఇది ఇంకా నిజం. కోర్టులో ఒకరి మీద ఒకరు రాసిన అఫిడవిట్లు రికార్డులో ఉండిపోతాయి. పెద్దయ్యాక ఆ పిల్లలు వాటిని చదవగలరు.

ఎదుటివాళ్లు ఇంట్లోంచి వెళ్లిపోయి, ఏళ్లుగా ఏమీ తేల్చకుండా, సంతకమూ పెట్టకుండా నాన్చుతుంటే కాంటెస్ట్ వేయాల్సిందే. ఇక్కడ వదిలేసి వెళ్లిన కారణం బలమైనది. వాళ్లు కోర్టుకి రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ (వాళ్లు లేకుండానే ఇచ్చే డిక్రీ) కూడా వస్తుంది. అలా వచ్చిందని పొంగిపోకండి. సమన్లు అందలేదని వాళ్లు తర్వాత వచ్చి దాన్ని కొట్టేయించుకోవచ్చు. చిరునామా సరైనదో కాదో మొదటే చూసుకోవాలి.

దెబ్బలు, బెదిరింపులు ఉన్న ఇంట్లో లెక్క మొత్తం మారుతుంది. అక్కడ ముందు విడాకులు కాదు, రక్షణ. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ దగ్గర రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు అడగొచ్చు. విడాకుల కేసు వేయకుండానే ఇవి వస్తాయి. అత్తగారి పేరున ఉన్న ఇల్లైనా కాపురం చేసిన ఇల్లు అయితే అందులో నివాస హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మహిళల హెల్ప్‌లైన్ 181. భయం మీద ఉన్న మనిషి చేత 'మ్యూచువల్' కాగితం మీద సంతకం పెట్టించడం మ్యూచువల్ కాదు. అలాంటి స్థితిలో ఉంటే ముందు పుట్టింటికో, సురక్షితమైన చోటికో చేరి, ఆ తర్వాతే మాట్లాడండి.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. బేరంలో పైచేయి కోసం లేని కేసులు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు రెండు వైపులా దొరుకుతారు. ఆ క్రిమినల్ కేసు తర్వాత పిటిషన్‌లో మానసిక క్రూరత్వంగా మీకే తగులుతుంది. నిజంగా జరిగిన హింస మీద కేసు వేరు, బేరం కోసం పెట్టిన కేసు వేరు. జడ్జిలు ఆ తేడా చాలాసార్లు గుర్తుపడతారు.

మధ్య దారులు

జుడీషియల్ సెపరేషన్ అని ఒకటుంది, సెక్షన్ 10. పెళ్లి నిలిచే ఉంటుంది, కలిసి ఉండాల్సిన బాధ్యత మాత్రం పోతుంది. మళ్లీ పెళ్లి చేసుకోవడానికి వీల్లేదు. విడాకులు వద్దనుకుంటూ, ఇన్సూరెన్సు, వారసత్వం లాంటివి కాపాడుకోవాలనుకునే పెద్దవయసు వాళ్లకు తప్ప దీనితో ఎక్కువమందికి పనిపడదు. డిక్రీ వచ్చాక ఏడాదిపాటు కలవకపోతే దాని ఆధారంగా ఎవరైనా విడాకులు అడగొచ్చు.

సెక్షన్ 9, 'కాపురానికి రమ్మని' వేసే కేసు, ఇంకా విచిత్రమైనది. ఎవరినీ పోలీసులు పట్టుకొచ్చి ఇంట్లో దించరు. ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. మరుసటి ఏడాదే, 1984లో, సుప్రీంకోర్టు ఇంకో కేసులో అది చెల్లుతుందని చెప్పింది. ఇప్పుడు దీన్ని ఎక్కువగా వాడేది ఎత్తుగడగా: "నేను రమ్మన్నాను, తనే రాలేదు" అని చూపించడానికి, భరణం తప్పించుకోవడానికి. రెండోది అంత తేలిక కాదు. ఆ డిక్రీ ఉన్నా కాపురానికి వెళ్లకపోవడానికి భార్యకు తగిన కారణం ఉంటే భరణం వస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

పెద్దమనుషుల్లో పెట్టి స్టాంపు కాగితం మీద తెగతెంపులు చేసుకునే పద్ధతి మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. నోటరీ సంతకం కూడా పెట్టిస్తారు. కులంలో అలాంటి ఆచారం పూర్వం నుంచీ ఉందని రుజువు చేయగలిగితే చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. సెక్షన్ 29 చెప్పేది అదే. రుజువు చేయలేకపోతే ఆ కాగితానికి విలువ లేదు. దాన్ని నమ్మి రెండో పెళ్లి చేసుకుంటే అది చెల్లదు. పైగా మొదటి భార్య లేదా భర్త ఫిర్యాదు చేస్తే ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం అవుతుంది. రెండో పెళ్లి ఉద్దేశం ఏమాత్రం ఉన్నా కోర్టు డిక్రీ తీసుకోండి. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టుకుని షరతులు తేల్చుకోవడం మాత్రం మంచి పనే. ఆ కాగితాన్ని తీసుకెళ్లి మ్యూచువల్ పిటిషన్‌గా మార్చుకుంటే రెండూ కలిసొస్తాయి.

మతాన్ని బట్టి దారీ మారుతుంది

ముస్లిం దంపతులకు, ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే ముబారాత్, భార్య అడిగే ఖులా ఉన్నాయి. భర్త వైపు నుంచి తలాక్. ఒక్కసారిగా మూడుసార్లు చెప్పే తలాక్ 2017లో సుప్రీంకోర్టు కొట్టేశాక, 2019 చట్టం దాన్ని మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం చేసింది. భార్య కోర్టుకి వెళ్లాలంటే 1939 చట్టం ఉంది, రెండేళ్లుగా పోషించకపోవడం లాంటివి అందులో కారణాలు. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా అందరిలాగే పాత సీఆర్‌పీసీ 125 కింద భరణం అడగొచ్చని సుప్రీంకోర్టు 2024 జూలైలో చెప్పింది. ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్లిందే.

క్రైస్తవులకు 1869 చట్టం. మ్యూచువల్‌కి అందులో రెండేళ్లు విడిగా ఉండాలని రాసుంది. కేరళ హైకోర్టు దాన్ని ఏడాదిగా చదువుకోవాలని 2010లో తీర్పునిచ్చింది. మీ ప్రాంతంలోని కోర్టు ఏది పాటిస్తోందో లాయరుని ముందే అడిగి తెలుసుకోండి.

విదేశాల్లో ఉన్నవాళ్ల చిక్కు

అమెరికాలో ఉన్న అబ్బాయి అక్కడి కోర్టులో విడాకులు తెచ్చుకుని ఇక్కడ మళ్లీ పెళ్లికి సిద్ధపడటం మనకు కొత్త కాదు. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ దీనికి మూలం. భర్త మిస్సోరి రాష్ట్రంలో తెచ్చుకున్న డిక్రీ ఇక్కడ చెల్లదంది. ఎందుకంటే పెళ్లి జరిగిన చట్టంలో లేని కారణం మీద అది ఇచ్చారు, భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు. ఇద్దరూ అక్కడే ఉండి, ఇద్దరి ఒప్పుకోలుతో తీసుకున్న డిక్రీ అయితే చెల్లుబాటు వేరు. సందేహం ఉంటే ఇక్కడే మ్యూచువల్ వేసుకోవడం మంచిది. విదేశాల్లో ఉన్నవారి విషయంలో కోర్టు అనుమతిస్తే వీడియో కాన్ఫరెన్స్ ద్వారా హాజరవ్వొచ్చు.

డబ్బు, పిల్లలు

"విడాకులైతే భర్త ఆస్తిలో సగం భార్యకి" అనే మాట సినిమాల్లోంచి వచ్చింది. మన చట్టంలో అలాంటి సూత్రం లేదు. భార్యకి వచ్చేవి తన స్త్రీధనం, భరణం, ఉమ్మడి పేరు మీద ఉన్నదాంట్లో తన వాటా. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు ఆమెవే. కూతురి తరఫున తండ్రి కూడా ఆమె అనుమతి లేకుండా అడగలేడని 2024లో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అలాగే 'జీతంలో 25 శాతం' కూడా చట్టం కాదు. 2017లో ఒక కేసులో కోర్టు అంత సమంజసమని అంది, అంతే. ఇద్దరి ఆదాయం, బాధ్యతలు, చదువు, ఇంతకాలం గడిపిన జీవన స్థాయి అన్నీ చూస్తారు. 2020 నవంబరులో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు తర్వాత భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. భరణం మామూలుగా దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కకట్టాలి. కాంటెస్ట్ కేసులో అసలు గొడవ మధ్యంతర భరణం, అంటే కేసు నడుస్తుండగా ఇచ్చే భరణం, దగ్గరే. సెక్షన్ 24 కింద భర్త కూడా అడగొచ్చు, అరుదుగా వస్తుంది.

ఐదేళ్ల లోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని 1956 చట్టం చెబుతుంది. అంతకు మించిన వయసైతే పిల్లల మేలు ఒక్కటే కొలమానం. "డబ్బు వద్దు, పిల్లాణ్ణి నాకిచ్చేయండి" అంటూ తల్లి పిల్లల భరణం కూడా వదులుకున్నట్టు రాయిస్తుంటారు. అది పిల్లల హక్కు, తల్లి వదులుకుంటే పోయేది కాదు.

లాయరుకి డబ్బు లేదని కేసు వేయకుండా ఆగిపోనక్కర్లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. ఫోన్ 15100. ఫీజు ఇచ్చి పెట్టుకునేవాళ్లు మొదటి సిట్టింగ్‌లోనే "ఇది మ్యూచువల్‌గా తేలే అవకాశం ఉందా?" అని అడగండి. ఆ ప్రశ్నకి చిరాకుపడే లాయరు దగ్గరికి రెండోసారి వెళ్లొద్దని నా సలహా.

డిక్రీ చేతికొచ్చిన రోజు

కాంటెస్ట్ కేసులో అప్పీలు గడువు ముగిసేదాకా మళ్లీ పెళ్లి కుదరదు. మ్యూచువల్ డిక్రీ మీద మామూలుగా అప్పీలే ఉండదు కాబట్టి ఆ చిక్కు లేదు. సర్టిఫైడ్ కాపీలు మూడు తీసుకోండి. పాస్‌పోర్టులో భార్య లేదా భర్త పేరు తీయించడానికి, బ్యాంకుకి, ఆఫీసులో పీఎఫ్ నామినీ మార్చడానికి అడుగుతారు. ఎల్ఐసీ పాలసీల్లో నామినీ పేరు అలాగే ఉండిపోవడం మర్చిపోయేవాళ్లు ఎక్కువ. ఇద్దరి పేరు మీద హోమ్‌లోన్ ఉంటే మాత్రం డిక్రీ రాకముందే బ్యాంకుకి వెళ్లి మాట్లాడాలి. ఇల్లు భర్తకి, ఈఎంఐ కూడా భర్తదే అని ఒప్పందంలో ఎంత స్పష్టంగా రాసుకున్నా, అప్పు కాగితం మీద సంతకం ఉన్నంతకాలం బ్యాంకు ఇద్దరినీ అడుగుతుంది. ఆయన రెండు నెలలు కట్టకపోతే ఆమె సిబిల్ స్కోరు కూడా పడుతుంది. లోన్‌ని ఒకరి పేరు మీదికి మార్చిన లెటరు చేతికి వచ్చాకే రెండో మోషన్‌కి వెళ్లడం మంచిది.